గ్లోబల్ టైమ్స్ రాస్తే "చైనా హెచ్చరిక" అని హెడ్డింగ్ పెట్టొచ్చా?

రాత్రిపాళీ
సరిహద్దులో ఏదో ఒకటి జరుగుతుంది. చైనా పేపరు గ్లోబల్ టైమ్స్‌లో ఘాటుగా ఒక సంపాదకీయం వస్తుంది. అరగంటలో మన చానళ్లలో "భారత్‌కు చైనా తీవ్ర హెచ్చరిక" అని స్క్రోలింగ్ పడుతుంది. తెల్లారేసరికి పేపర్లలోనూ అదే హెడ్డింగ్. అసలు ఆ పేపరు మాట చైనా ప్రభుత్వం మాట అవుతుందా? కాకపోతే తెలుగులో ఏమని రాయాలి? ఏది మొదటి పేజీకి, ఏది లోపలి పేజీకి, ఏది చెత్తబుట్టకి, ఎలా తేల్చుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. "అదంతా ప్రచారం అండీ" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, ఆ సంగతి తెలుసు.

చీనాక్షరం
ముందు ఇంటిపేరు చూద్దాం. మనం "ప్రభుత్వ పత్రిక" అంటాం గానీ, అది పార్టీ పత్రిక. ఇంకా చెప్పాలంటే పార్టీ పత్రికకు పుట్టిన పత్రిక. చైనా కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ అధికార పత్రిక పీపుల్స్ డైలీ (రెన్‌మిన్ రిబావో, 1948). ఆ సంస్థే 1993లో "హువాన్‌ఛ్యూ వెన్‌సుయి" అనే వారపత్రిక పెట్టింది. 1997లో దాని పేరు "హువాన్‌ఛ్యూ షిబావో" అయింది. హువాన్‌ఛ్యూ అంటే భూగోళం, షిబావో అంటే టైమ్స్. మనం చదివే ఇంగ్లిష్ గ్లోబల్ టైమ్స్ చాలా తర్వాతిది, 2009 ఏప్రిల్‌లో మొదలైంది.

షిన్హువా వేరు, చైనా డైలీ వేరు. షిన్హువా వార్తాసంస్థ స్టేట్ కౌన్సిల్ (అంటే చైనా కేబినెట్) కింద మంత్రిత్వ శాఖ స్థాయిలో ఉంటుంది. చైనాలో ఈ వరసలకు చాలా విలువుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టి "చైనా అధికారిక మీడియా" అనేస్తే సగం సమాచారం అక్కడే పోతుంది.

కంచుగంట
2017లో భూటాన్ దగ్గర డోక్లాంలో మన సైన్యం, చైనా సైన్యం ఎదురుపడినప్పుడు భారత్‌ను వెక్కిరిస్తూ "ఏడు పాపాలు" అని వీడియో పెట్టింది కూడా ఈ గ్లోబల్ టైమ్సే కదా. అంత నీచానికి దిగిన పేపరు గురించి ఇంత చర్చ దేనికి?

చీనాక్షరం
కాదండీ, ఆ వీడియో షిన్హువాది, ఆగస్టు 16న వచ్చింది. ఒకే గాటన కట్టొద్దన్నది ఇందుకే. షిన్హువా అలా దిగిందంటే దాని బరువు గ్లోబల్ టైమ్స్ సంపాదకీయం కంటే ఎక్కువ. మనవాళ్లలో చాలామంది ఆ రెంటినీ తారుమారు చేసి గుర్తుపెట్టుకున్నారు.

పాతకట్ట
రాత్రిపాళీ గారి అసలు ప్రశ్నకు వస్తాను. చైనా పత్రికల్లో మాట బరువును తూచడానికి ఒక మెట్లవరస ఉంది. పై నుంచి కిందికి చెబుతా.

పైమెట్టు పీపుల్స్ డైలీ "షెలున్". అంటే పార్టీ సంపాదకీయం. ఇది రోజూ రాదు. వచ్చిందంటే పై స్థాయిలో నిర్ణయం అయిపోయినట్టే. 1989 ఏప్రిల్ 26న తియానన్‌మెన్ విద్యార్థుల ఉద్యమాన్ని "అల్లకల్లోలం" అని ముద్ర వేసింది ఇలాంటి షెలునే. ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోవాలా వద్దా అన్న దానిమీదే తర్వాత ఐదారు వారాల రాజకీయం నడిచింది.

మనకు దగ్గరి ఉదాహరణ 1962 సెప్టెంబరు 22. ఆ రోజు పీపుల్స్ డైలీ సంపాదకీయం పేరు కన్‌ఫ్యూషియస్ మాట: "దీన్నే సహిస్తే ఇక సహించలేనిది ఏముంటుంది". 28 రోజుల తర్వాత, అక్టోబరు 20న దాడి మొదలైంది. అలాగే 1978 డిసెంబరు 25న వియత్నాంను ఉద్దేశించి "మా సహనానికి హద్దుంది" అని రాసింది. అందులోనే "ముందే చెప్పలేదని అనొద్దు" అన్న మాట ఉంది. 54 రోజులకు, 1979 ఫిబ్రవరి 17న, యుద్ధం.

రెండో మెట్టు "వ్యాఖ్యాత" పేరుతో వచ్చే వ్యాసాలు, కలంపేర్లతో వచ్చేవి. విదేశీ వ్యవహారాలకు వాడే కలంపేరు "జోంగ్ షెంగ్". అక్షరాలా గంట మోత అని అర్థం, చెవికి మాత్రం "చైనా గొంతు" అన్నట్టు వినిపిస్తుంది. అది మనిషి పేరు కాదు. "జోంగ్ షెంగ్ అనే విశ్లేషకుడు రాశారు" అని తెలుగులో వస్తే నవ్వులపాలే.

వీటి కింద ఎక్కడో గ్లోబల్ టైమ్స్ సంపాదకీయం. చైనా భాషలో దీన్ని షెలున్ అనరు, "షెపింగ్" అంటారు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి రెండూ "ఎడిటోరియల్" అయిపోతాయి. తెలుగులో రెండూ "సంపాదకీయం". తేడా అలా మాయమవుతుంది. షెలున్ ఏడాదికి కొన్నిసార్లు వస్తుంది, షెపింగ్ పేపరు వచ్చిన ప్రతిరోజూ ఉంటుంది. రోజూ వచ్చేది హెచ్చరిక ఎలా అవుతుంది?

కంచుగంట
మరి 2019లో కూడా పీపుల్స్ డైలీ "ముందే చెప్పలేదని అనొద్దు" అంది కదా, అమెరికాకు. యుద్ధం రాలేదే?

పాతకట్ట
మంచి ప్రశ్న. 2019 మే 29 నాటిది అది. విషయం అరుదైన ఖనిజాలు, సందర్భం వాణిజ్య పోరు. వచ్చింది షెలున్‌గా కాదు, కలంపేరుతో వచ్చిన వ్యాసంగా. మాట అదే, మెట్టు వేరు. మాట ఒక్కదాన్నే పట్టుకుంటే బోల్తా పడేది అందుకే. ఏ పేపరు, ఏ పేజీ, ఏ శీర్షిక కింద, ఎవరి పేరుతో అన్న నాలుగూ కలిపి చూడాలి.

నాల్గోకాలమ్
పాతకట్ట మాస్టారు చెప్పిందంతా ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం. గ్లోబల్ టైమ్స్‌ది కింది మెట్టు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు అంటే పొరపాటు. దానికి ఆ కింది మెట్టే బలం.

పీపుల్స్ డైలీని పార్టీ శాఖలు, ఆఫీసులు చందా కట్టి తెప్పించుకుంటాయి. ఎవరూ చదవకపోయినా సర్క్యులేషన్ పడిపోదు. హువాన్‌ఛ్యూ షిబావో అలా కాదు, బడ్డీ కొట్లో జనం జేబులోంచి డబ్బు తీసి కొనాల్సిన పేపరు. వాళ్లకు విదేశీ వార్తలు కావాలి, కాస్త కారం కావాలి. 1999 మేలో బెల్‌గ్రేడ్‌లోని చైనా రాయబార కార్యాలయం మీద నాటో బాంబులు పడినప్పుడు, 2001లో హైనాన్ దగ్గర అమెరికా గూఢచారి విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నప్పుడు, దేశంలో లేచిన కోపానికి ఈ పేపరు సరిగ్గా సరిపోయింది. వారపత్రిక కాస్తా 2006కల్లా సోమవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే దినపత్రిక అయింది. జాతీయవాదం పార్టీ గీతకు అడ్డం రాదు, పైగా అమ్ముడుపోతుంది. ఒకే సరుక్కి ఇటు అనుమతి, అటు గిరాకీ.

2005 నుంచి 2021 చివరి దాకా సంపాదకుడు హు షీజిన్. 1990ల్లో బోస్నియా యుద్ధం నుంచి పీపుల్స్ డైలీకి వార్తలు రాసినవాడు. విదేశాంగ శాఖ వాళ్లు మనసులో మాట బయటికి అనలేరు, నేను అనగలను అన్న అర్థం వచ్చేలా 2016లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. పేపరు పని తీరంతా ఆ మాటలోనే ఉంది. ఆ మాట పనిచేస్తే ప్రభుత్వానికి లాభం, బెడిసికొడితే "అది ఆ పత్రిక అభిప్రాయం" అని చేతులు కడుక్కోవచ్చు. ఆస్ట్రేలియాను 2016లో "కాగితం పిల్లి" అంది ఈ పేపరే. 2020లో "చెప్పుకు అంటుకున్న చూయింగ్ గమ్" అన్నది హు షీజిన్. విదేశాంగ ప్రతినిధి మైకు ముందు అనలేని మాటలివి.

చైనా నెటిజన్లు ఆయనకు పెట్టిన పేరు "ఫ్రిస్బీ హు". ఫ్రిస్బీ అంటే కుక్కలకు విసిరి ఆడించే పళ్లెం. పార్టీ ఎంత దూరం విసిరినా పరుగెత్తి నోటితో పట్టుకొస్తాడని.

సన్నాయి
ఫ్రిస్బీ హు 😂 దీనికి తెలుగులో సమానమైన మాట వెతకనక్కర్లేదు, ప్రతి జిల్లాలో ఒకడుంటాడు.

చీనాక్షరం
నాల్గోకాలమ్ గారి మాటకు కొనసాగింపు. ఆ పేపరు వంటకం ఎలా తయారవుతుందో చూపిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

చైనా భాష ఎడిషన్‌లో ఇండియా వార్తల హెడ్డింగులు గమనించండి. చాలావాటి మొదట "యిన్ మెయి" అని రెండక్షరాలు, తర్వాత రెండు చుక్కలు. యిన్ మెయి అంటే "భారత మీడియా". అంటే వార్త వాళ్లది కాదు, మనదే. మన టీవీ చర్చలో ఒక రిటైర్డ్ జనరల్ "బీజింగ్ దాకా వెళతాం" అని ఊగిపోతాడు. దాన్ని అనువదించి "భారత మీడియా: బీజింగ్ దాకా..." అని వేస్తారు. మాట మనవాడిదే కాబట్టి అబద్ధమనీ అనలేం. ఎంచుకోవడంలోనే ఉంది కిటుకు. దానికి పక్కనే "ఛావ్‌జువో" అన్న మాట తగిలిస్తారు, "భారత మీడియా ఛావ్‌జువో చేస్తోంది" అని. అక్షరాలా మూకుడులో వేసి వేయించడం అని అర్థం, గోరంతను కొండంత చేయడం అన్నమాట. ఆ పని తామే చేస్తూ.

చదివిన చైనావాళ్లకు కోపం వస్తుంది. ఆ కోపాన్ని చూపించి "మా ప్రజల ఆగ్రహం" అని ఇంగ్లిష్ ఎడిషన్‌లో సంపాదకీయం వస్తుంది. దాన్ని మన చానల్ "చైనా బెదిరింపు" అంటుంది. రిటైర్డ్ జనరల్ మళ్లీ స్టూడియోకి వస్తాడు. చక్రం ఒక చుట్టు పూర్తయింది, మధ్యలో రెండు ప్రభుత్వాల్లో ఏ ఒక్కటీ నోరు విప్పలేదు.

రాత్రిపాళీ
ఇది కళ్లు తెరిపించే సంగతి. ఒక నిజమైన ఐటం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా విప్పి చూపించగలరా ఎవరైనా?

పాతకట్ట
2017 ఆగస్టు 5 నాటి ఐటం తీసుకుందాం. డోక్లాంలో రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఏడు వారాలు. గ్లోబల్ టైమ్స్ ఇంగ్లిష్‌లో ఒక వార్త: రెండు వారాల్లోగా చైనా "చిన్న స్థాయి సైనిక చర్య" చేపట్టవచ్చు.

మన దగ్గర దాన్ని చాలాచోట్ల ఎలా అందుకున్నారంటే: "భారత్‌కు చైనా రెండు వారాల గడువు".

ఇప్పుడు విప్పండి. అన్నది ఎవరు? షాంఘై సామాజిక శాస్త్రాల అకాడమీలో ఒక పరిశోధకుడు. సైన్యం కాదు, విదేశాంగ శాఖ కాదు, కనీసం ఆ పేపరు సంపాదకుడు కూడా కాదు. క్రియ ఏమిటి? "చేపట్టవచ్చు". చేపడుతుంది కాదు. "రెండు వారాలు" అన్నది ఆయన అంచనా, గడువు ఎవరూ పెట్టలేదు. అంటే మూడు చోట్ల జారాం: మాట్లాడిన మనిషి పోయాడు, "వచ్చు" పోయింది, అంచనా గడువైంది. ఒక్కోటీ చిన్న కోతే. హెడ్డింగులో ఆరు మాటలే పడతాయి కాబట్టి ముందు ఎగిరిపోయేవి ఇవే.

ఆగస్టు 28న రెండు వైపులా వెనక్కి తగ్గుతున్నట్టు ప్రకటన వచ్చింది. ఆ "గడువు"లో ఏమీ జరగలేదు. అయితే చైనా బెదిరించి తోక ముడిచిందని మనవాళ్లు ఇంకో హెడ్డింగ్ పెట్టారు. లేని గడువుకు లేని ఓటమి.

కంచుగంట
ఇదంతా సరే, మరి ఎత్తుకోవడమే మానేస్తే పోలా? వాడి పేపరు వాడింట్లో. మన మొదటి పేజీ ఎందుకు ఇవ్వాలి?

నాల్గోకాలమ్
మానేయడం కుదరదు కంచుగంట అన్నా, రెండు కారణాలు.

ఒకటి, 2023లో బీజింగ్‌లో మన కళ్లు లేకుండా పోయాయి. వీసాల గొడవలో 2023 మధ్యకల్లా భారత విలేకరులు ఒకరి తర్వాత ఒకరు బయటికి రావాల్సి వచ్చింది, చివరికి మిగిలిన పీటీఐ విలేకరితో సహా. విలేకరి లేని చోట డెస్కుకు దొరికేది ఏమిటి? ఇంగ్లిష్‌లో ఉన్నది, చందా అడగనిది, రాత్రిపూట కూడా దొరికేది. గ్లోబల్ టైమ్స్ సరిగ్గా అలా తయారుచేసిన సరుకు.

రెండోది గల్వాన్. 2020 జూన్ 15 రాత్రి మనవాళ్లు 20 మంది పోయారు, సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబుతో సహా. మన ప్రభుత్వం సంఖ్య చెప్పింది. చైనా విదేశాంగ శాఖ తమ నష్టం గురించి నోరు మెదపలేదు. జూన్ 16నే హు షీజిన్ ట్వీట్ చేశాడు, తనకు తెలిసినంతలో చైనా వైపు కూడా ప్రాణనష్టం ఉందని. చైనా అధికారికంగా నలుగురు చనిపోయారని పేర్లతో ఒప్పుకున్నది 2021 ఫిబ్రవరి 19న, సైనిక పత్రిక ద్వారా. ఎనిమిది నెలలు. ఎత్తుకోవద్దు అన్న నియమం పెట్టుకునుంటే ఆ రోజు ఆ ఒక్క ఆధారమూ మన పాఠకుడికి అందేది కాదు.

చీనాక్షరం
అదే రోజు జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సగమే అవుతుంది. ఆ పేపరు విలేకరి ఒకరు "చైనా వైపు 5 మంది మృతి, 11 మందికి గాయాలని వార్తలు వస్తున్నాయి" అన్న అర్థంలో ట్వీట్ చేశారు. మన చానళ్లు దాన్ని "గ్లోబల్ టైమ్స్ ధ్రువీకరణ" అన్నాయి. సంఖ్య మేమెప్పుడూ చెప్పలేదని ఆ పేపరు ఖండించాల్సి వచ్చింది. ఎక్కడివో వార్తలు వాళ్ల విలేకరి చేతుల మీదుగా తిరిగొచ్చి మనకు "చైనా ఒప్పుకోలు"గా కనపడ్డాయి. సంపాదకుడి సొంత ట్వీట్‌కు, విలేకరి ఎక్కడో చూసి పెట్టిన ట్వీట్‌కు, పేపరు అచ్చేసినదానికి తేడా చూడకపోతే అంతే.

లోపలి జనం మీద దీని ప్రభావం ఎలా ఉంటుందో కూడా చెప్పుకోవాలి. ఆ నలుగురి పేర్లు బయటికొచ్చాక, మృతుల సంఖ్య ఇంకా ఎక్కువ ఉండొచ్చని సందేహం రాసిన ఒక బ్లాగర్‌కు నాన్‌జింగ్ కోర్టు 8 నెలల జైలు వేసింది. ఎనిమిది నెలలు దాచిన సంఖ్యను సందేహించినందుకు ఎనిమిది నెలలు.

సన్నాయి
మరి ఇంత నూరిపోశాక ఆ జాతీయవాదం పేపరు చెప్పుచేతల్లోనే ఉంటుందా? అది చెప్పండి.

నాల్గోకాలమ్
ఉండదు. హు షీజిన్ కథే సాక్ష్యం. 2022 ఆగస్టులో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ పెలోసీ తైవాన్ వెళ్లేముందు, ఆమె విమానానికి తోడొచ్చే అమెరికా యుద్ధవిమానాలను కూల్చే హక్కు కూడా ఉందన్నట్టు ట్వీట్ పెట్టాడు, తర్వాత తీసేశాడు. ఆమె నిక్షేపంగా దిగి వెళ్లిపోయింది. వీబోలో (చైనావాళ్ల ట్విట్టర్ లాంటిది) జనం తిట్టింది ఆయన్నే, ఆశలు పెంచి పరువు తీశావని. 2024లో నోబెల్ రచయిత మో యాన్ మీద "వీరులను అవమానించాడు" అంటూ ఒక దేశభక్త బ్లాగర్ కేసు వేయబోతే, ఇది మితిమీరిందని హు అడ్డం వచ్చాడు. అప్పుడూ ఆయన మీదే పడ్డారు. అదే ఏడాది జులైలో పార్టీ కేంద్ర కమిటీ సమావేశం (ప్లీనం) తీర్మానానికి ఆర్థిక విషయాల్లో సొంత భాష్యం చెప్పేసరికి వీబోలో ఆయన గొంతు ఆగిపోయింది, మళ్లీ అక్టోబరు చివర్లోనే. 2 కోట్ల పైన ఫాలోవర్లున్న మనిషి పరిస్థితి ఇది. పైవాళ్లకు మితిమీరినవాడు, కిందివాళ్లకు చప్పబడినవాడు.

రాత్రిపాళీ
ఇప్పుడు డెస్కుకు పనికొచ్చేలా, రాత్రి తొమ్మిదిన్నరకు ఐటం చేతికొస్తే వరసగా ఏం చూడాలి?

పాతకట్ట
ముందు అసలు పేజీ తెరవండి, స్క్రీన్‌షాట్ నమ్మొద్దు. ఇటీవలి ఏళ్ల గ్లోబల్ టైమ్స్ లింకుల్లో ఏడాది, నెల కలిపి ఆరంకెలుంటాయి, 2024 మే అయితే 202405 అని. పాత ఐటం కొత్తగా తిరుగుతోందేమో అక్కడే తెలిసిపోతుంది. బీజింగ్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. మన తొమ్మిదిన్నరకు వాళ్లకు అర్ధరాత్రి, కాబట్టి రేపటి తేదీ కనపడితే కంగారు పడకండి.

తర్వాత పేజీ పైన శీర్షిక. సంపాదకీయమా, అభిప్రాయమా, వార్తా? అభిప్రాయమైతే అడుగున రచయిత ఎవరో ఉంటుంది. వార్త అయితే బెదిరింపు మాట ఎవరి నోట వచ్చిందో ఆ వాక్యం దగ్గర ఆగండి. "నిపుణులు" అని మాత్రమే ఉండి పేరు లేకపోతే లోపలి పేజీ కూడా ఎక్కువే.

మూడోది, అదే రోజు విదేశాంగ ప్రతినిధి ఏమన్నారో చూడండి. ఇది మానొద్దు. చాలాసార్లు ప్రతినిధి "చర్చలతో పరిష్కరించుకుంటాం" అనే ఉంటారు. రెండూ పక్కపక్కన వేస్తే పాఠకుడికే అర్థమవుతుంది.

నాలుగోది, వీలైతే చైనా భాష ఎడిషన్‌లో అదే విషయం ఉందా అని. ఇంగ్లిష్ ఎడిషన్ చైనా భాషదానికి అనువాదం కాదు, సిబ్బంది వేరు, గురి వేరు. ఘాటు ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే అది మనకోసం వండింది.

చీనాక్షరం
ఒక జాగ్రత్త కలుపుతా. పేర్లు. వాళ్ల ఇంగ్లిష్ కాపీలో "జాంగ్నాన్" అని ఉంటే అది అరుణాచల్ ప్రదేశ్. దక్షిణ టిబెట్ అని వాళ్ల అర్థం. "షీజాంగ్" అంటే టిబెట్. అరుణాచల్‌లో చోట్లకు చైనా పౌర వ్యవహారాల శాఖ సొంత పేర్లు పెట్టిన జాబితాలు 2017లో 6, 2021లో 15, 2023లో 11, 2024లో 30, 2025లో 27. హడావుడిలో అనువాదం చేస్తూ "జాంగ్నాన్‌లో పర్యటించిన భారత మంత్రి" అని యథాతథంగా దించితే, వాళ్లు అడిగింది మనమే అచ్చేసి ఇచ్చినట్టు. వాళ్ల మ్యాపు కూడా ఎత్తుకోకూడదు.

కంచుగంట
2025 మే 14న గ్లోబల్ టైమ్స్ ఎక్స్ ఖాతాను మన దేశంలో నిలిపేశారు కదా. దానికంటే మంచి మందు లేదని నా అభిప్రాయం. ఇక్కడ అందరూ వద్దంటారని తెలుసు.

నాల్గోకాలమ్
వద్దనను గానీ పనికిరాదంటాను. అంతకు వారం ముందు, మే 7న, వార్త వేసేముందు నిజానిజాలు చూసుకోమని బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం ఆ పేపరుకు పేరుపెట్టి మరీ చెప్పింది. ఆ పద్ధతి మెరుగు. తప్పు ఎక్కడుందో జనానికి తెలుస్తుంది. ఖాతా ఆపితే స్క్రీన్‌షాట్ తిరుగుతుంది, లింకు తెరిచి సరిచూసుకునే దారి మాత్రం డెస్కుకు ఒకటి తగ్గుతుంది.

కంచుగంట
స్క్రీన్‌షాట్ తిప్పేది మనవాళ్లే కాబట్టి ముందు వాళ్లను ఆపాలంటారు. సరే, అక్కడిదాకా ఒప్పుకుంటా.

రాత్రిపాళీ
చివరిగా హెడ్డింగ్. "భారత్‌కు చైనా తీవ్ర హెచ్చరిక" బదులు "చైనా పార్టీ పత్రిక అక్కసు" అంటే సరిపోతుందా?

పాతకట్ట
"అక్కసు" మీ అభిప్రాయం, వార్త కాదు. అందులో వాళ్ల షెపింగ్‌కు మీ షెపింగ్ జవాబు. "భారత్ వెనక్కి తగ్గాలి: గ్లోబల్ టైమ్స్ సంపాదకీయం" అనండి. కింద ఉపశీర్షికలో "చర్చలకు సిద్ధమన్న చైనా విదేశాంగ శాఖ" అని, ఆ రోజు నిజంగా అలా అనుంటేనే. "డ్రాగన్ బుసలు" మాత్రం ఎవరూ అడక్కండి.

సన్నాయి
బుసలు కొట్టేది పాము కదా మాస్టారూ, డ్రాగన్ నిప్పులు కక్కాలి.

చీనాక్షరం
అది యూరప్ డ్రాగన్ అండీ. చైనా డ్రాగన్ వానలు కురిపిస్తుంది.